గేటు పక్క తంగేడు

మా హిందూపురం ఇంటి ముందు తంగేడు చెట్టు పెంచుతానంటే మా అత్త నవ్వీ నవ్వీ మంచం మీద కూలబడింది.

"మేకలు గూడా ముట్టని చెట్టు. దాన్నెవురన్నా ఇంట్లో పెంచుతారేమ్మా? గుట్టల్లో యాడ చూసినా అదే ఉండాది కదా!"

ఉంది, నిజమే. ఆమె పూలు కోసుకొచ్చేది మాత్రం పెనుకొండ రోడ్డు పక్కన. మొన్న ఎండాకాలం మా పిల్లవాడి మెడ నిండా చెమటకాయలు లేస్తే ఆ పూలే నూరి స్నానానికి ముందు ఒంటికి రాయబోయింది. రేకుల నిండా లారీల మసి. కలుపు మందు కొట్టారో లేదో ఎవరికి తెలుసు? ఏడాది నిండని పిల్లవాడికి రాయనివ్వలేదు.

"నీ మొగుడు ఆ పూలతోనే పెరిగినాడు, వానికేమైంది?" అని రోజుల తరబడి సాధించింది. వచ్చే ఎండాకాలానికి దుమ్ము పడని పూలు మన గేటు పక్కే పూయిస్తానని విసుగులో అనేశాను.

మా ఆయన గుట్ట నుంచి తవ్వుకొచ్చిన మొక్క, వేరు తెగి ఎండిపోయింది. గింజలు నానబెట్టి వేస్తే ఒక్కటి మొలిచింది. జానెడు ఎదిగాక ఆకులు పండి రాలసాగాయి. నీళ్లు పోయడం మానేశాను. అయినా మొక్క మొదట్లో మట్టి ఎప్పుడు చూసినా తడే. పిల్లవాడిని నిద్రపుచ్చి ఫోనులో వెతికాను. వేరుకుళ్లు అని తెలిసింది కానీ తడి ఎక్కడిదో తెలియలేదు.

ఒక పొద్దున వాడు ముందే లేచి ఏడిస్తే ఎత్తుకుని బయటికి వచ్చాను. అత్త వాకిలంతా కళ్లాపి చల్లి, బకెట్లో మిగిలిన పేడనీళ్లు గేటు పక్కన, సరిగ్గా మొక్క మొదట్లో కుమ్మరించింది.

"అత్తా! ఏం చేస్తాండావు?"

"అరవొద్దు, పిల్లోడు జడుసుకుంటాడు. ఆడ కాకుంటే యాడ పోయల్ల? కాపురానికి వచ్చినప్పటి నుంచి ఆడే పోస్తాండా."

"దాన్ని సంపేస్తాండావు!"

"పేడనీళ్లకు సచ్చే చెట్టు యాడన్నా ఉండాదా?"

చుట్టూ రాళ్లు పేర్చాను. రాళ్ల మీద నుంచే పోసింది. వద్దని చెప్తే తలూపింది, మర్నాడు చెయ్యి అటే పోయింది.

ఇప్పుడు కళ్లాపి నేనే చల్లుతున్నాను. పెళ్లయినప్పటి నుంచి ఆమె ఎంత పోరినా తప్పించుకున్న పని. రాత్రి పిల్లవాడు ఎన్నిసార్లు లేపినా, ఆమెకంటే ముందే లేచి బకెట్ పట్టుకోవాలి. మొక్కకు కొత్త ఆకులు వచ్చాయి, మొగ్గ జాడ లేదు.

అత్త మంచం మీద నుంచే పక్కింటామెతో అంటోంది: "మా కోడలు కోడి కంటే ముందు లేస్తాండాది. ఆ తంగేడు ఇంగో పదేండ్లు పూయకుంటే బాగుండు."