చాముండేశ్వరి పెట్టిన బొట్టు

చాముండేశ్వరి చేసే ఉద్యోగం ఏమిటయ్యా అంటే, కార్లను గుద్ది పచ్చడి చేయడం. ఈ పరాయి దేశంలో బాలింకాలిగ్ అనే ఊరు దాటాక పొలాల మధ్య ఒక షెడ్డు, దాని వెనక పొడుగాటి ట్రాక్. ఇంకా ఏ షోరూమూ చూడని, రేపు రోడ్డెక్కుతాయో లేదో కూడా తెలియని ప్రయోగం కార్లను అక్కడ గోడకేసి కొట్టి చూస్తారు. బొమ్మ మనుషుల్ని సీట్లలో కట్టి, ఆనక వాటి మెడలు విరిగాయా, రొమ్ములు నలిగాయా అని చూసేది ఈవిడే.

గాజువాకలో లేత్ మిషన్ నడిపినాయన కూతురు. మనిషి మంచిదే కానీ కోపం ముక్కు మీద ఉంటుంది. బోల్టు సరిగా బిగించనివాడు మేనేజరైనా సరే, దుమ్ము దులిపేసేది. పదకొండేళ్లలో ఒక్క కొలత తప్పలేదు. అంతటి మనిషి చివరికి తప్పు చేసింది ఎక్కడో తెలుసా? భక్తి దగ్గర!

2020 దసరా. కరోనా కాలం. షెడ్డులో రెండు జట్లు, ఒక జట్టు వెళ్లిపోయాకే రెండోది రావాలి, మాటలన్నీ మెయిళ్లలోనే. ఆయుధపూజకు బొట్టు పెట్టకుండా తండ్రి ఏనాడూ మిషన్ ముట్టలేదు, ఈవిడా అంతే. ముందు శుక్రవారమే స్పానర్లకు పెట్టింది, బొమ్మలకు పెట్టింది, ఆర్నెల్లుగా పరీక్షిస్తున్న కొత్త కారుకూ పెట్టింది. డ్రైవర్ లేకుండా నడిచే కారు అది. ఎదుట మనిషి కనబడితే తనంతట తనే ఆగుతుంది. దాని ముక్కంతా నల్లద్దం. నడిమధ్యన అరచెయ్యంత పసుపు మెత్తి, కుంకుమ దిద్ది, "సల్లగా సూడు తల్లీ" అని దణ్ణం పెట్టుకుంది.

ఆ కారుకు కన్నులాంటి కెమెరా మొదట ముందద్దం నెత్తిన ఉండేది. ఆవిడ బొట్టు పెట్టడానికి రెండు రోజుల ముందే అవతలి జట్టు దాన్ని ఊడదీసి, ఆ నల్లద్దం వెనక బిగించింది. మెయిల్ కూడా పంపింది. పండగ హడావుడిలో చాముండేశ్వరి ఆ మెయిల్ విప్పలేదు. అదండీ సంగతి.

మూడు రోజుల సెలవయ్యాక మంగళవారం పొద్దున పరీక్ష. కారుకు అడ్డంగా జరగాల్సిన స్పాంజి బొమ్మ పట్టాల్లో ఇరుక్కుంది. ట్రాక్ చూసుకునే కోల్మ్ దాన్ని లాగడానికి వెళ్లాడు. ముందు స్టాప్ బటన్ నొక్కాలని రూలు. ఎవరు నొక్కారు గనక? ఆర్నెల్లలో ఆ కారు ఆగకపోవడమన్నది లేదు. చాముండేశ్వరి కంచె అవతల నుంచి చూస్తూనే ఉంది.

కారు ఆగలేదు. వేగం కూడా తగ్గలేదు. తాటిపండు పడ్డట్టు దబ్బుమని చప్పుడైంది. కోల్మ్ బానెట్ మీదికి ఎగిరి, తల అద్దానికి కొట్టుకుని, కింద పడ్డాడు. ముందు చక్రం అతని కుడికాలి మీదుగా పోయింది. ఎముక ప్యాంటు చీల్చుకుని బయటికొచ్చింది. రక్తం చిమ్మింది. మాస్కులూ, రెండు మీటర్ల దూరాలూ ఎవరికి గుర్తుంటాయి? ఆవిడ పరిగెత్తి, నడుం బెల్టుతో అతని తొడ బిగించి, మోకాలితో అదిమిపట్టింది. నొప్పికి అతను ఆమె చెయ్యి కొరికాడు. అయినా వదల్లేదు.

అంబులెన్స్ వెళ్లాక కారు వంక చూసింది. నల్లద్దం మీద రక్తం, రక్తం కింద పసుపు. నెత్తిన ఉండాల్సిన కెమెరా లేదు. కన్ను ఎక్కడికి మారిందో అప్పుడు తెలిసింది. గార్డులు, అదే ఇక్కడి పోలీసులు, గేటు దాటి రాకముందే, ఛీ, ఏం చెప్పను, ఆవిడ ఆ అద్దాన్ని చేతి గ్లవ్‌తో శుభ్రంగా తుడిచేసింది. ఎలా జరిగిందో చూశావా అని వాళ్లు అడిగితే చూడలేదంది.

కోల్మ్ కాలు మోకాలి పైకి తీసేశారు. తలకు తగిలిన దెబ్బకు ఆ రోజన్నదే అతనికి గుర్తు లేకుండా పోయింది. కారు రికార్డులో గుద్దే క్షణందాకా దారి ఖాళీ. కాబట్టి మనిషే ఉన్నట్టుండి దూకాడని తేల్చారు. దూకాడన్న మాట నాలుగు నోళ్లు మారి, కావాలనే దూకాడన్నదాకా పోయింది. లాక్‌డౌన్ కదా, దిగులు కదా, పాపం అన్నారు. భార్య నూలా ఇంట్లో కత్తులూ మాత్రలూ దాచేసిందట.

ఆ మాట చెవిన పడ్డ నాడు చాముండేశ్వరి అన్నం పళ్లెం తీసి గోడకేసి కొట్టింది.

"ఏటే, పిచ్చా నీకు?" అన్నాడు కిచెన్ టేబుల్ మీదే ఆఫీసు పెట్టుకున్న భర్త చక్రధర్.

"ఆడు దూకలేదండీ. పసుపు నానే తుడిచీసినాను."

"నోర్ముయ్! ఉద్యోగం పోతాది, కేసవుతాది. నువ్వు సెప్తే ఆడి కాలొస్తాదేటి?"

"కాలు రాదు. ఆడు సస్తాడేమోనని నా బయ్యిం."

మర్నాడు విచారణ మీటింగులో ల్యాప్‌టాప్ ముందు కూర్చుని అంతా కక్కేసింది. ఉద్యోగం ఆ గడియలోనే ఊడింది, అది వేరే సంగతి. లాయర్లు చెప్పేదాకా కోల్మ్‌తో మాట్లాడొద్దన్నారు. ఆవిడ వింటేగా! కారు తీసింది. ఐదు కిలోమీటర్లు దాటకూడదన్న రోజులవి. చెక్‌పాయింట్ దగ్గర గార్డు ఆపి ఎక్కడికని అడిగాడు.

"తన్నులు తినడానికి" అంది. అతను తెల్లబోయి వదిలేశాడు.

మాక్రూమ్ అనే ఊళ్లో కోల్మ్ చంకకర్రల మీద తనింటి గుమ్మంలోకొచ్చాడు. వానలో నిలబడి ఆవిడ ఒక్క ముక్క దాచకుండా చెప్పింది. అతను కర్ర విసిరాడు. అది కనుబొమ్మకు తగిలి చర్మం చిట్లింది. ఆవిడ కదల్లేదు.

"నెల రోజులు! నెల రోజులుగా నా భార్య నన్ను బాత్రూంలోకి కూడా ఒంటరిగా పోనివ్వడం లేదు, తెలుసా?" అని అరిచి, రెండో కర్ర ఎత్తబోయి మెట్ల మీద కూలబడ్డాడు. పట్టుకోబోయిన చాముండేశ్వరి చెంపను, లోపలి నుంచి పరిగెత్తుకొచ్చిన నూలా ఛెళ్లుమనిపించింది.

కోల్మ్ లేవలేదు. "చామూ, నిజం చెప్పు. నేను పరిగెత్తానా?"

"లేదు. నడిచావు. జేబుల్లో చేతులు పెట్టుకుని, ఈల వేసుకుంటూ నడిచావు."

"ఈల వేశానా?"

"వేశావు. శ్రుతీ పాడూ లేదు."

నూలా అక్కడే చతికిలబడి, మొహం కప్పుకుని వెక్కివెక్కి ఏడ్చింది. కోల్మ్ ఆమె తల మీద చెయ్యి వేసి, "విన్నావా, ఈల వేశానట" అన్నాడు. ఆ తర్వాత చాముండేశ్వరి వైపు తిరిగి, "ఇక పో. మళ్లీ నా గుమ్మం తొక్కకు" అన్నాడు.