మునిరత్నం నాలుగో శాంపిల్

2023 జనవరి. తిరుపతిలోని ఒక సంతాన సాఫల్య కేంద్రంలో ఆండ్రాలజీ ల్యాబ్ నాది. ఆండ్రాలజీ అంటే మగవారి సంతాన వ్యవస్థకు సంబంధించిన వైద్యం. వచ్చినవారి వీర్యాన్ని మైక్రోస్కోపు కింద పెట్టి, కణాలు ఎన్ని ఉన్నాయి, ఎన్ని కదులుతున్నాయి, ఆకారం ఎలా ఉంది అని చూసి రిపోర్టు ఇవ్వడం నా పని. ఈ సీట్లో ఆడమనిషిని చూడగానే సగం మంది గుమ్మంలోనే ఆగిపోతారు. "మగోళ్ళెవురూ లేరా మేడం?" అని నసుగుతారు. "ఉన్నారు, కిందికి పోయి టీ తాగుతున్నారు, పిలవమంటారా?" అంటాను. దాంతో ఎంతటివాడైనా కాస్త నవ్వి డబ్బా అందుకుంటాడు.

మునిరత్నం నవ్వలేదు. అతనిది పలమనేరు దగ్గర పల్లె, టమోటా రైతు. పెళ్ళయి ఏడేళ్ళు. భార్య సుగుణకు చేసిన పరీక్షలన్నీ బాగానే ఉన్నాయి. ఇతనికి మాత్రం వేరే ఊళ్ళో రెండేళ్ళు వరసగా సెమెన్ అనాలిసిస్, అంటే వీర్య పరీక్ష, చేస్తే రెండుసార్లూ ఒకే మాట: కణాలున్నాయి, మోటిలిటీ దాదాపు లేదు. మోటిలిటీ అంటే కదలిక. కణం ఈదలేకపోతే అండం దాకా చేరలేదు. ఇక దాత వీర్యంతో ప్రయత్నించడమే మేలని అక్కడ చెప్పారట. మా డాక్టరు గారు, "ఒప్పుకునే ముందు ఒక్కసారి మన ల్యాబ్‌లో కూడా చూద్దాం" అని నా దగ్గరికి పంపారు.

"ఎన్ని రోజులు ఎడంగా ఉన్నారు?" అని అడిగాను. ఈ పరీక్షకు రెండు రోజులకు తగ్గకుండా, వారానికి మించకుండా విరామం ఉండాలని ముందే చెప్పి పంపుతాం.

"మీరు సెప్పిండే దానికన్నా తక్కువైతే లేదు మేడం" అన్నాడు నేల చూపులు చూస్తూ. "ఇదీ అట్లే వస్తే ఇంక ఒప్పేసుకుంటాం. ముక్కు ఎవురిదైతే ఏం, నాయనా అని పిలిస్తే సాలు."

ఆ మాట అతను మామూలుగానే అన్నాడు, నాకే గుండె కలుక్కుమంది. దాత సాయం తీసుకోవడంలో తప్పేమీ లేదు. అలా పుట్టిన పిల్లల్ని ఎందరినో ఎత్తుకుని ముద్దు చేశాను. కానీ ఆ తల్లిదండ్రులు ఇష్టపడి ఆ దారి పట్టారు. ఇతను తానింక ఎందుకూ పనికిరానని తీర్మానించుకుని ఆ దారి పడుతున్నాడు.

శాంపిల్ చూశాను. కణాలకు కొదవ లేదు. కానీ అన్నీ ఎక్కడివక్కడ నిలిచిపోయి ఉన్నాయి. ఎక్కడో ఒకటి తోక ఆడిస్తోంది. కదలనివన్నీ చచ్చినవి కావు. తోక కట్టడంలోనే లోపం ఉంటే బతికి ఉండీ కదలవు. అందుకని ఇయోసిన్ అనే ఎర్రరంగు కలిపాను. చచ్చిన కణం రంగు పీల్చుకుంటుంది, బతికున్నది పీల్చదు. చాలా మటుకు ఎర్రబడ్డాయి. అంటే ఇవి బాగానే పుట్టి, ఆ తర్వాత చచ్చాయి. చీము కణాలు లేవు, ఇన్ఫెక్షన్ జాడ లేదు. మరెందుకు చచ్చాయో నాకు అంతుపట్టలేదు.

బయటికి వస్తే బెంచీ మీదున్న సుగుణ లేచి, చేతిలో చిన్న టిన్ను పెట్టింది. "అరవణ పాయసం అక్కా, స్వామి ప్రసాదం. ఆయన మొన్నే శబరిమల నుంచి వచ్చినాడు."

అప్పుడు చూశాను అతని ముఖం. నుదురు, బుగ్గలు ఎండకు నల్లబడి ఉన్నాయి. కొత్తగా గడ్డం గీసిన దవడలు మాత్రం తెల్లగా ఉన్నాయి.

"మాల ఎప్పుడు వేసుకున్నాడు?"

"కార్తీకంలో అక్కా. మకరజ్యోతి సూసుకున్నాకే తీసేది. మూడేండ్లుగా అంతే, బిడ్డ కోసరమే. స్వామిని సూసొచ్చినాక టెస్టు సేపిస్తే మంచి జరుగుతాదని ఆయన నమ్మకం. ఆడ కూడా రెండు తూర్లూ అట్లే సేపించినాడు."

"మాల తీసినాక కూడా…?"

సుగుణ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "టెస్టు ఉండాది కదా అని ఇంకా పక్క గదిలోనే పండుకుంటా ఉండాడు."

నాకు నవ్వూ కోపమూ ఒక్కసారే వచ్చాయి. దీక్షను నేనేమీ అనను, మా ఇంట్లోనూ స్వాములున్నారు. నా కోపం, వీర్యం దాచుకునేకొద్దీ బలమని మగపిల్లల చెవుల్లో ఊదేవాళ్ళ మీద. రెండు నెలలకు పైగా నిష్ఠగా ఉండి, ఆ నిష్ఠతోనే మూడేళ్ళూ పరీక్ష తప్పుతున్నాడు ఈ మనిషి.

లోపలికి పిలిచి కాగితం మీద బొమ్మ గీశాను. అప్పటికి 'మీరు' పోయి 'నువ్వు' వచ్చేసింది.

"ఇవి వృషణాలు. కణాలు తయారయ్యేది ఇక్కడ. ఒంటి వేడి వాటికి పడదు, అందుకే ఇవి బయట వేలాడుతుంటాయి. ఒక కణం తయారు కావడానికి రెండున్నర నెలలు పడుతుంది. తయారైనాక ఎపిడిడిమిస్ అనే ఈ చుట్టల గొట్టంలోకి వచ్చి, ఈదే శక్తి తెచ్చుకుని కాచుకుని ఉంటుంది. బయటికొచ్చే వేళకు సెమినల్ వెసికిల్స్, ప్రోస్టేట్ అనే గ్రంథులు నీళ్ళు కలుపుతాయి. వీర్యంలో ఎక్కువ భాగం ఆ నీళ్ళే. తయారీ ఎప్పుడూ ఆగదు. గొట్టంలో మరీ ఎక్కువ కాలం ఉండిపోయినవి పాతబడి చస్తాయి."

"మరి దాసుకుంటే గట్టిపడదా మేడం?"

"నువ్వు టమోటా కోసి రెండు నెలలు షెడ్డులో పెట్టి మార్కెట్టుకు ఏసుకుపోతావా?"

అతను బొమ్మలోని చుట్టల గొట్టం మీద వేలు పెట్టాడు. "యాడ నిలుస్తాది మేడం, నీరు కారిపోతాది" అన్నాడు మెల్లగా.

డాక్టరు గారు విని తల ఊపారు. "అదే కారణమని ఇప్పుడే అనుకోవద్దు, ఆశ పెట్టొద్దు. మళ్ళీ చేద్దాం" అన్నారు. ఇంటికి పోయి మామూలుగా కాపురం చేసుకుని, ఆ తర్వాత మూడు రోజులు మాత్రం ఎడంగా ఉండి రమ్మని నేనే చెప్పాల్సి వచ్చింది. మునిరత్నం సిగ్గుతో గోడవైపు తిరిగాడు. సుగుణ మాత్రం, "దీనికి కూడా డాక్టరు సీటీ రాసియ్యాల్సొచ్చిందే" అని గొణిగింది.

వాళ్ళు తిరిగి వచ్చేదాకా నాకు మనసు మనసులో లేదు. ఆశ పెట్టలేదని పైకి అనుకున్నానే గానీ, పెట్టానని నాకు తెలుసు.

నాలుగో శాంపిల్ స్లయిడ్ పెట్టి ఫోకస్ తిప్పుతుండగానే కదలిక కనిపించింది. సగానికి సగం సూటిగా ఈదుతున్నాయి. నమ్మలేక ఇంకో స్లయిడ్ చేశాను. అదే తీరు. సాధారణంగా ఎవరినీ లోపలికి రానివ్వం. ఆ రోజు డాక్టరు గారిని అడిగి ఇద్దరినీ పిలిచాను.

మునిరత్నం కన్ను ఆనించి ఎంతకీ తీయలేదు.

"ఇవన్నీ నావేనా మేడం?"

"నీవే."

"సచ్చిపోలేదే" అన్నాడు. తువ్వాలతో ముఖమంతా తుడుచుకున్నాడు. సుగుణ వంగి చూసి, "ఇంత మంది ఉండారే. ఒకడికన్నా మా ఇల్లు యాడుండాదో తెలీకపాయనే" అంది. ఆ ల్యాబ్‌లో అంతలా నవ్వడం నాకు అదే మొదలు. నవ్వుతూనే నేనూ కళ్ళు తుడుచుకున్నాను.

దాత మాట అంతటితో పక్కన పెట్టారు. డాక్టరు గారు గర్భం నిలిచే రోజులు ఏవో వివరించి, కొన్నాళ్ళు వేచి చూడమన్నారు. ఈ కేసు తర్వాత నేను 'ఎన్ని రోజులు' అని అడగడం మానేశాను. అలా అడిగితే మనకు కావలసిన అంకె చెప్పేస్తారు. ఇప్పుడు ఊరి సంగతులు, పని సంగతులు మాట్లాడిస్తాను, మాలలూ మొక్కులూ ఉపవాసాలూ అడుగుతాను. బిడ్డ కోసం మనిషి ఏమేం చేస్తున్నాడో వింటే తప్ప, స్లయిడ్ మీద కనిపించేదానికి అర్థం తెలియదని నేర్పింది మునిరత్నమే.

ఆ ఏడు కార్తీకంలో ఫోన్ చేశాడు. సుగుణకు అయిదో నెల.

"కడుపుతో ఉండే ఆడదాన్ని ఇడిసిపెట్టి కొండకు పోగూడదంట మేడం, మాయమ్మ మాల ఏసుకోనీలేదు. స్వామి ఏమన్నా అనుకుంటాడేమో అని బయంగా ఉండాది."

"ఏమీ అనుకోడు. నువ్వు అడిగింది ఇచ్చి, ఈ ఏడుకు ఇంట్లోనే ఉండమన్నాడు" అన్నాను.