అన్నకు తీసిన రెండు టికెట్లు

కామారెడ్డి స్టేషన్ రోడ్డులో నాకో టికెట్ల దుకాణం ఉంది. ఒక కంప్యూటర్, ఒక ప్రింటర్, గోడకు ఆనించిన పొడుగు బెంచీ, అంతే. ఎల్లారెడ్డి, నస్రుల్లాబాద్, దోమకొండ వైపు నుంచి గల్ఫ్‌కు పోయేవాళ్ళు పాస్‌పోర్టును ప్లాస్టిక్ కవర్లో చుట్టి, అంగీ లోపలి జేబులో పెట్టుకుని వస్తారు. నేనిచ్చిన టికెట్ కాగితాన్ని ఇంటికి తీసుకుపోయి, దేవుడి పటం ముందు పెట్టి, మూలకు ఇంత పసుపు పెడతారు. పసుపు మరక పడి నంబరు కనపడటం లేదని ఎయిర్‌పోర్టు వాళ్ళు గొణుగుతారట. గొణగనీ. విమానాల వాళ్ళ మీద నాకేమంత ప్రేమ లేదు. ఎందుకు లేదో చెప్పాలంటే ముందు బస్సుల గురించి చెప్పాలి.

మాది ఎల్లారెడ్డి. నా చిన్నప్పుడు మేము హైదరాబాద్ పోవాలంటే కామారెడ్డిలో బస్సు మారేవాళ్ళం. ఊళ్ళో బస్సు కదలకముందే కండక్టర్ అడిగేవాడు, "పట్నం పోయెటోళ్ళు ఎంతమందున్నరు?" అని. చేతులెత్తేవాళ్ళం. దారిలో టైరు పంచరైనా, గొర్రెల మంద అడ్డమొచ్చినా ఆయనకు దిగులుండేది కాదు. కామారెడ్డి బస్టాండు మలుపులోనే తలుపు పట్టుకుని వేలాడుతూ ఈల వేసేవాడు. అక్కడ పట్నం బస్సు ఇంజన్ ఆడుతూనే ఉండేది, కదిలేది మాత్రం కాదు. "ఎల్లారెడ్డోళ్ళు ఎక్కిన్రా?" అని అడిగి, మేము ఎక్కాకే డ్రైవర్ గేరు వేసేవాడు. ముందే కూర్చున్నవాళ్ళు సణిగేవాళ్ళు. సణుగుతూనే జరిగి చోటిచ్చేవాళ్ళు. అన్న నాకంటే ఎనిమిదేళ్ళు పెద్ద. ఆ తొక్కిసలాటలో నన్ను ఎత్తి కిటికీలోంచి లోపలికి తోసేవాడు, సీటు ఆపడానికి. నేను రెండు సీట్ల మీద అడ్డంగా పడుకునేవాణ్ణి, ఎవరు తిట్టినా లేచేవాణ్ణి కాదు. ఆ రోజులు తల్చుకుంటే ఇప్పటికీ నా ప్రాణానికి హాయిగా ఉంటుంది.

ఆ హాయే మా కొంప ముంచింది. ఒక బండి ఆలస్యమైతే రెండో బండి ఆగుతుందని, ఆగకపోయినా ఎవరో ఒకరు మనల్ని పట్టించుకుంటారని నా బుర్రలో పాతుకుపోయింది.

నేను దుకాణం పెట్టిన మొదటి ఏడాది. అన్న మస్కట్‌లో పన్నెండేళ్ళుగా పని చేస్తున్నాడు. అప్పుడు సెలవు మీద వచ్చి, బాపు కాలికి ఆపరేషన్ కావడంతో ఉండిపోయాడు. ఆ దేశం బయట ఆరు నెలలు దాటితే వీసా చెల్లదు, వీసా పోతే నౌకరి పోతుంది. చూస్తుండగానే చివరి తారీఖు నెత్తిమీదికి వచ్చింది. నేరుగా పోయే విమానంలో సీటు లేదు. నేను మొనగాణ్ణి కదా, హైదరాబాద్ నుంచి ముంబైకి ఒక కంపెనీలో, ముంబై నుంచి మస్కట్‌కు ఇంకో కంపెనీలో, విడివిడిగా రెండు టికెట్లు తీశాను. సరిగ్గా చివరి తారీఖు నాడే. నడుమ మూడు గంటలు.

"సరిపోతదా తమ్మీ?" అని అన్న అడిగాడు.

"మస్తు సరిపోతదన్నా. కామారెడ్డిల బస్సు మారినట్టే అనుకో," అన్నాను. ఈ నోటితోనే అన్నాను.

ఆ రోజు పొద్దున హైదరాబాద్‌లో ఒకటే వాన. మొదటి విమానం రెండు గంటలు ఆలస్యంగా లేచింది. అన్న ముంబైలో దిగి, పెట్టె కోసం నిలబడి, రెండో విమానం వేరే టర్మినల్లో అంటే ఆ ట్రాఫిక్‌లో పడి, ఉరుక్కుంటూ పోయేసరికి కౌంటర్ మూసేశారు. విమానం లేవడానికి ఇంకా టైముంది. అయినా తీసుకోలేదు. నాకు ఫోన్ చేసి, "తమ్మీ, వద్దంటున్నరు. జర నువ్వు మాట్లాడు," అన్నాడు. పన్నెండేళ్ళు ఎడారిలో ఒంటరిగా నెగ్గుకొచ్చిన మనిషి నన్ను అడుగుతున్నాడు.

మొదటి కంపెనీకి ఫోన్ చేశాను. మీవాళ్ళను ముంబైలో దింపాం, మా టికెట్ అక్కడితో అయిపోయింది అన్నారు. రెండో కంపెనీకి చేశాను. మీవాళ్ళు టైముకు రాలేదు, ఎందుకు రాలేదో మాకు సంబంధం లేదు అంది ఒకమ్మాయి. రెండూ ఒకే టికెట్ మీద ఉంటే తర్వాతి విమానంలో ఎక్కించే బాధ్యత కంపెనీదే అని కూడా ఆమే చెప్పింది. ఆ ముక్క నాకు అప్పటిదాకా తెలియదు. టికెట్లు అమ్ముకుని బతుకుతానని బోర్డు పెట్టినవాణ్ణి, నాకే తెలియదు.

"మరి గిప్పుడు బాధ్యత ఎవరిదమ్మా?" అన్నాను.

"టికెట్లు అలా తీసుకున్నవారిదేనండి," అంది, ఎంతో మర్యాదగా.

ఒళ్ళు మండి గొంతు చించుకున్నాను. వాన నా మూలంగా పడిందా అని అడిగాను. ఆమె ఓపిగ్గా విన్నది. ఆమె చెప్పింది నిజమని అరుస్తున్నంతసేపూ నాకు తెలుస్తూనే ఉంది.

తెల్లారేసరికి వీసా చెల్లని కాగితమైంది. అన్న రైలెక్కి వచ్చి కామారెడ్డిలో దిగాడు. స్టేషన్‌లో నా ముఖం చూసి, మొట్టమొదట అడిగిన మాట, "బాపుకు చెప్పినవా?"

"ఇంకా చెప్పలే."

"చెప్పకు. నేను చెప్త."

ఎల్లారెడ్డి బస్సులో పక్కపక్కనే కూర్చున్నాం. దారిపొడుగునా నేను నన్ను తిట్టుకుంటుంటే అన్న కిటికీలోంచి వరిమళ్ళు చూస్తూ పోయాడు. మా వీధి మలుపులో మాత్రం ఆగి, "మొన్ననే దుకాణం పెట్టినవ్. టికెట్ తప్పు తీసిండన్న మాట బయటికి పోతే నీ గడప ఎవ్వడు తొక్కడు. నువ్వేం మాట్లాడకు," అన్నాడు.

ఇంట్లోకి పోయి, మంచం మీద కాలు చాపుకుని ఉన్న బాపు ముందు కింద కూర్చున్నాడు. "నిద్రవోయిన బాపూ. ఎయిర్‌పోర్టుల కూసున్నకాడ్నే కన్నంటుకున్నది. లేసేవరకు విమానం పోయింది."

బాపు తిట్టాడు. వీధి వీధంతా వినబడేలా తిట్టాడు. "పన్నెండేండ్ల నౌకరి నిద్రల పోగొట్టుకుంటివారా," అన్నాడు. వదిన చంటిపిల్లను భుజాన వేసుకుని గుమ్మంలో ఏడ్చింది. నేను అక్కడే ఉన్నాను. నోరు పెగల్లేదు. సిగ్గులేని నోరు, టికెట్లు అమ్మేటప్పుడు మాత్రం గలగలమంటుంది.

ఆ మాట మా అన్నకు బిరుదై కూర్చుంది. పెళ్ళికి పోతే, "ఆయనకు ముందుగాల చాయ పోయుండ్రి, లేకుంటే పంటడు," అనేవాళ్ళు. అందరూ నవ్వేవాళ్ళు. అన్న కూడా నవ్వేవాడు. నేనూ నవ్వేవాణ్ణి, అందుకే నా మీద నాకు అసహ్యం. నా దుకాణం మాత్రం మూడు పూలు ఆరు కాయలుగా సాగింది. అన్న షేరింగ్ ఆటో కొనుక్కుని ఎల్లారెడ్డి నుంచి కామారెడ్డికి తిప్పుతున్నాడు. గల్ఫ్ మనుషులను నా దుకాణం ముందే దింపి, "మా తమ్ముడు మంచిగ చూసి ఇస్తడు," అని చెప్పిపోతాడు. ఇవాళ చెప్తా, రేపు చెప్తా అనుకుంటుండగానే బాపు పోయాడు. పెద్దకొడుకు నిద్రకు ఓడిపోయాడనే నమ్మి పోయాడు.

మొన్న ఎండాకాలం, ఆనాటి చంటిపిల్ల దుకాణానికి వచ్చింది. నర్సింగ్ చదివింది, గల్ఫ్ ఆసుపత్రిలో నౌకరి వచ్చింది.

"కాకా, రెండు టికెట్లు వేర్వేరుగ తీస్తే తక్కువల వస్తది. ఫోన్ల చూసిన."

"ఒద్దు. ఒక్క టికెట్ మీదనే పోవాలె."

"నడుమ నాలుగు గంటలున్నయ్ గదా."

"ఎన్నున్నా ఒద్దంటే ఒద్దు," అని కసురుకున్నాను.

పిల్ల నవ్వింది. "భయపడకు కాకా. నేను డాడీ లెక్క నిద్రవోను."

బెంచీ మీద నస్రుల్లాబాద్ వాళ్ళు ఇద్దరు తమ వంతు కోసం కూర్చుని ఉన్నారు. వాళ్ళ ముందే చెప్పాను. వాన, రెండు కంపెనీలు, మూసేసిన కౌంటర్, నా రెండు టికెట్లు, అన్నీ. పిల్ల మొహంలో నవ్వు పోయింది. ఫోన్ తీసి, తండ్రికి కలిపి, స్పీకర్ పెట్టి బల్ల మీద ఉంచింది.

"డాడీ, ఆ రోజు నువ్వు నిద్రవోలేదంట. నిజమేనా?"

ఆటో చప్పుడులోంచి అన్న గొంతు వచ్చింది. "నిద్రవోయిన బిడ్డా. మీ కాక ఉన్నడా ఆడ చూసెటందుకు?" ఒక క్షణం ఆగి, గొంతు తగ్గించాడు. "దుకాణంల గిరాకులు ఎవలన్న ఉన్నరా?"

నేను ఫోన్ చేతిలోకి తీసుకున్నాను. "ఉన్నరన్నా. ఇద్దరున్నరు. వాళ్ళకు గూడ చెప్పిన."

అటువైపు ఆటో ఆగింది.

"గిప్పుడెందుకురా తమ్మీ," అన్నాడు అన్న. "బాపే లేకపాయె."