గ్వానాహ్వాతో దాకా మోసిన మాటలు

మెక్సికో చూడాలన్న కోరిక నాకెప్పుడూ లేదు. టొరాంటో పక్కన వాన్ అనే ఊళ్ళో మేం ముగ్గురు స్టూడెంట్లం ఒక బేస్‌మెంట్‌లో అద్దెకుంటాం. పై అంతస్తులో ఇంటి ఓనర్లు రమణ అంకుల్, శైలజ ఆంటీ, వాళ్ళ పదేళ్ళ కూతురు నైనిక. మార్చి స్కూలు సెలవుల్లో గ్వానాహ్వాతో అనే మెక్సికో ఊరు చూడాలని వాళ్ళు చాలా ముందే టికెట్లు కొన్నారు. కొన్నాక పోట్లాడుకున్నారు. టికెట్లు రద్దు చేయడం కుదరదు, మాటలు కలపడానికి ఇద్దరికీ మనసొప్పదు. అందుకని నన్ను తీసుకెళ్దామనుకున్నారు.

పైకి చెప్పిన కారణం స్పానిష్. వారాంతాల్లో నేను పనిచేసే వేర్‌హౌస్‌లో మెక్సికోవాళ్ళ దగ్గర కొంచెం నేర్చుకున్న మాట నిజమే. కానీ నాకొచ్చినవి ‘ఎత్తు’, ‘దించు’, ‘బరువు’, ‘తొయ్యకు’, ఇంకా ఇక్కడ రాయలేనివి కొన్ని. “విమానం ఖర్చు నీది, హోటల్ మాది. ఇంకేం కావాల్రా నీకు?” అన్నారు అంకుల్. బయట పారతో మంచు ఎత్తలేక చేతులు పడిపోయిన వారం అది. ఒప్పుకున్నాను.

పోట్లాట దేని గురించో కూడా చెప్పాలి, ఎందుకంటే అది నా గురించే. ఆ ఏడాది కాలేజీల్లో ఎక్కడెక్కడి స్టూడెంట్లూ వచ్చి పడ్డారు. రూము ఖాళీ అని పోస్టు పెడితే టీ చల్లారేలోపు పోయేది. మా క్లాస్‌మేట్ ఒకడు నైట్ షిఫ్ట్ చేసేవాడితో ఒకే పరుపు పంచుకున్నాడు. ఇది చూసి అంకుల్, బేస్‌మెంట్ హాల్లో చెక్క పార్టిషన్ కొట్టించి ఇంకో ఇద్దర్ని పెడదామన్నారు. ఆంటీ, మే నెలలో అందర్నీ పంపేసి అక్కడ కూచిపూడి క్లాసు పెడతానన్నారు. అంకుల్ గెలిస్తే ఒక బాత్రూమ్‌కి ఐదుగురం. ఆంటీ గెలిస్తే నాకు ఇల్లే ఉండదు.

మా విమానం ఉదయం ఏడింటికి. (నా పాస్‌పోర్టులో కెనడా వీసా చెల్లుబాటులో ఉంది కాబట్టి మెక్సికోకి వేరే వీసా అడగలేదు. నిబంధనలు మారుతుంటాయి, ఎవరిది వాళ్ళు చూసుకోవాలి.) చెక్-ఇన్ క్యూలో నా అసలు ఉద్యోగం మొదలైంది.

“వంశీ, పాస్‌పోర్టులు ఎవరి దగ్గరున్నాయో అడుగు,” అన్నారు ఆంటీ.

అంకుల్ ఆవిడ పక్కనే ఉన్నారు. ఆయన జాకెట్ జిప్పు ఆవిడ సంచికి చిక్కుకునేంత పక్కన.

“నా దగ్గరే ఉన్నాయని చెప్పు,” అన్నారు అంకుల్.

“ఆంటీ, అంకుల్ దగ్గరే ఉన్నాయట.”

“వై కాంట్ దే జస్ట్ టెక్స్ట్?” అంది నైనిక. తెలుగులో ఎంత అడిగినా ఆ పిల్ల ఇంగ్లీషులోనే సమాధానం చెబుతుంది.

మెక్సికో సిటీలో దిగేసరికి అక్కడి గడియారం ప్రకారం ఉదయం పది. టాక్సీలో ఉత్తరపు బస్టాండుకి వెళ్ళి ఒంటిగంట బస్సు పట్టుకున్నాం. గ్వానాహ్వాతోకి ఐదు గంటల ప్రయాణం. ఫస్ట్ క్లాస్ బస్సులు బాగుంటాయి. ఎక్కేటప్పుడు చేతిలో చిరుతిళ్ళ పొట్లం పెడతారు, ఆడవాళ్ళకీ మగవాళ్ళకీ వేరువేరు టాయిలెట్లు ఉంటాయి. అంకుల్ ముందు సీట్లో, ఆంటీ వెనక సీట్లో, మధ్యలో నేను. ఏసీ ఎక్కువైందని చెప్పు, శాలువా పైన సంచిలో ఉందని చెప్పు, పైన సంచిలో ఉంటే తీసివ్వడానికి చేతుల్లేవా అని అడుగు. నా పక్కన కూర్చున్న పెద్దాయన ఇదంతా గంటసేపు చూసి, వాళ్ళిద్దరినీ చూపించి విడాకులా అని అడిగాడు. ఆ మాట ఇంగ్లీషుకి దగ్గరగా ఉండబట్టి అర్థమైంది. నాకొచ్చిన మాటల్లో సరిపోయేది వెతికి, “లేదు. బరువు,” అన్నాను. అంతా అర్థమైనట్టు తలాడించి తన పొట్లంలోని బిస్కెట్టు నాకిచ్చాడు.

గ్వానాహ్వాతో ఒకప్పుడు వెండి గనుల ఊరు. కొండల మధ్య గిన్నెలాంటి లోయ, దాని అంచుల నిండా పసుపు, గులాబీ, నీలం ఇళ్ళు. ఎవరి రంగు వాళ్ళది, పక్కింటివాళ్ళని అడిగినట్టు లేదు. కార్లు చాలావరకు ఊరి కింద రాతి సొరంగాల్లో తిరుగుతాయి. ఒకప్పుడు వాటిలో కొన్నింట్లో నది పారేదట. టాక్సీ సొరంగంలోకి దిగగానే ఫోన్లో మ్యాప్ చచ్చిపోయింది. “ఈ డ్రైవర్‌కి దారి తెలుసో లేదో అడుగు,” అన్నారు ఇద్దరూ ఒకేసారి. ఆ రోజు మొత్తమ్మీద వాళ్ళు ఏకాభిప్రాయానికి వచ్చింది అక్కడొక్కచోటే.

చిన్నపిల్లల తోపుడుబండి తెచ్చేవాళ్ళకి ఒక మాట: తేకండి. ఈ ఊళ్ళో సందు అంటే మెట్లే.

మర్నాడు ఉదయం ఊరి నడిమి పాత థియేటర్ వెనకనుంచి కొండెక్కే చిన్న రైలు పెట్టెలో పీపిలా విగ్రహం దగ్గరికి వెళ్ళాం. వీపుకి రాతిపలక కట్టుకుని, పైనుంచి తుపాకులు పేలుతుంటే పాకుతూ వెళ్ళి శత్రువులున్న భవనం తలుపు తగలబెట్టిన గని కార్మికుడట ఆయన. రెండు వైపులా కాల్పుల మధ్య తిరిగేవాణ్ణి కాబట్టి ఆయన మీద నాకు వెంటనే గౌరవం కలిగింది. అంకుల్ అప్పుడే సన్‌స్క్రీన్ రాసుకున్నారు. చెంప మీద తెల్లటి చార సరిగ్గా పామకుండా మిగిలిపోయింది.

“ఆంటీ, అంకుల్ మొహం మీద...”

“ఆయన మొహం, ఆయన ఇష్టం. చెప్పకు.”

మధ్యాహ్నం భోజనానికి పెద్ద మార్కెట్‌కి వెళ్ళాం. ఇనప కప్పుతో పాత రైల్వే స్టేషన్‌లా ఉంటుంది. శాకాహారులకి బొమ్మజెముడు కూర, జున్ను వేసిన రొట్టెలు దొరుకుతాయి. ఆంటీ పచ్చ సల్సా రుచి చూసి, “మన పచ్చడే. తాలింపు మర్చిపోయారు,” అన్నారు. ఆ మంచి మూడ్‌లోనే అసలు సంగతికి వచ్చారు.

“పార్టిషన్ కొట్టిస్తే ఆ ఇంట్లో నేనుండనని చెప్పు.”

అంకుల్ కొంచెం దూరంలో మామిడి ముక్కల మీద కారం చల్లించుకుంటున్నారు. నేను నడుస్తూ ఆలోచించాను. ఇప్పటిదాకా ఒక్క అక్షరం మార్చకుండా మోశాను. కానీ ఈ వాక్యం ఉన్నదున్నట్టు చేరిస్తే ఇంకా పెద్దది తిరిగొస్తుంది, ఆ రెండిటి మధ్యా నా మంచం ఉంది.

“అంకుల్, పార్టిషన్ సంగతి తర్వాత చూద్దామంటున్నారు ఆంటీ. ఇప్పుడున్నట్టే ఉంటే చాలట.”

ఆయన మామిడి ముక్క నమలడం ఆపారు. “అట్టా అందా? శైలజేనా? ఏదైనా కానీ, ఆ డాన్స్ క్లాసుకి మాత్రం చచ్చినా ఒప్పుకోనని చెప్పు.”

“ఆంటీ, క్లాసు మంచి ఆలోచనేనట. కాకపోతే ఈ ఏడాదికి ఇప్పుడున్నట్టే ఉంచుదామన్నారు.”

“దట్స్ నాట్ వాట్ హీ సెడ్,” అంది నా వెనకాలే వచ్చిన నైనిక.

వెంటనే ఆ పిల్లకి చాక్లెట్‌లో ముంచిన చూరో కొనిపెట్టాను. చూరో అంటే పంచదార పూసిన పొడుగాటి జంతిక. నోరు మూయించడానికి బాగా పనికొస్తుంది.

ఫలితం అప్పుడే కనిపించింది. మమ్మీల మ్యూజియం దాకా ఆంటీ సంచి అంకులే మోశారు. లోపల అద్దాల వెనక నోళ్ళు తెరిచిన శవాలు వరుసగా ఉన్నాయి. పిల్లలు భయపడతారని గైడ్‌బుక్కుల్లో రాస్తారు. నైనిక ఒకదాని ముందు చాలాసేపు నిలబడి, “డాడీ ఇన్ మీటింగ్స్,” అంది. అంకుల్‌తో సహా అందరం నవ్వాం. ఆంటీ నవ్వాపుకోవడానికి అంకుల్ భుజం వైపు చెయ్యి చాచి, మళ్ళీ గుర్తొచ్చి వెనక్కి తీసుకున్నారు. ఇంకొక్క మెట్టు అనుకున్నాను.

ఆ మెట్టు నిజంగానే ఉంది. సాయంత్రం ఐదింటికి ముద్దు సందుకి వెళ్ళాం. ఎదురెదురు బాల్కనీలు తగులుకునేంత ఇరుకు. ఒక బాల్కనీలో అమ్మాయి, ఇంకోదాంట్లో అబ్బాయి, కోపంతో కూతుర్ని పొడిచేసిన తండ్రి: అదీ కథ. అలాంటిచోట మూడో మెట్టు మీద నిలబడి ముద్దు పెట్టుకున్న జంటకి ఏడేళ్ళు అదృష్టమట, పెట్టుకోకపోతే ఏడేళ్ళు దరిద్రమట. ఇందులో లాజిక్ నేను వెతకలేదు.

క్యూ చాలా పొడుగ్గా ఉంది. ఫొటోగ్రాఫరు అంకుల్‌నీ ఆంటీనీ ముందుకి పంపి, నన్నూ నైనికనీ కిందే ఆపేశాడు. ఆ మూడో మెట్టు మీద ఒకరికొకరు ఆనుకోకుండా ఇద్దరు నిలబడలేరు. కింద జనం “బేసో! బేసో!” అని, అంటే ముద్దు ముద్దని, చప్పట్లు మొదలుపెట్టారు.

“వంశీ! మనకివన్నీ అలవాటు లేవని అతనికి చెప్పు!” అని అరిచారు ఆంటీ.

“తొయ్యకు,” అన్నాను ఫొటోగ్రాఫర్‌తో. నాకొచ్చింది అదే. అతను ఇంకాస్త దగ్గరికి తోశాడు.

మాటలు మోయడానికి మధ్యలో నేను లేను. పైన వాళ్ళిద్దరే. అంకుల్ ఏదో అన్నారు. ఆంటీ ఏదో అన్నారు. మొదట నెమ్మదిగా, తర్వాత పెద్దగా.

“నువ్వేగా ఇప్పుడున్నట్టే ఉంటే చాలన్నావంట!”

“నేనెప్పుడన్నానండీ? మీరే అన్నారట!”

“నేనా? చచ్చినా ఒప్పుకోనని చెప్పి పంపితే!”

ఇద్దరూ ఆగారు. తర్వాత ఒకేసారి తలతిప్పి కిందికి, క్యూలో ఉన్న నా వైపు చూశారు.

“నేను చెప్పలే?” అన్నట్టు నా వైపు చూసింది నైనిక, మూతికి ఇంకా చాక్లెట్‌తో.

“ఒరేయ్ వంశీ! ఇట్రా!” అని అంకుల్.

“వాణ్ణి తర్వాత చూద్దాం. ముందిలా తిరగండి,” అన్నారు ఆంటీ. చున్నీ అంచు తీసి అంకుల్ చెంప మీది సన్‌స్క్రీన్ చారని గట్టిగా తుడిచారు. “పొద్దుట్నించీ చూడలేక చస్తున్నాను.”

అంకుల్ చెంప అప్పజెప్పి బుద్ధిగా నిలబడ్డారు. సందంతా ఈలలు. ముద్దుకి బదులు ఇది చెల్లుతుందని జనం ఒప్పుకున్నట్టే ఉంది. ఫొటోగ్రాఫరు కూడా బొటనవేలు పైకెత్తాడు.

నా విచారణ పార్కులో, చదరంగా కత్తిరించిన చెట్ల కింద ఇనప బెంచీ మీద జరిగింది. అంకుల్ ఒక పక్క, ఆంటీ ఒక పక్క, మధ్యలో మళ్ళీ నేనే. కాకపోతే ఈసారి వాళ్ళిద్దరూ నా తల మీదుగా నేరుగా మాట్లాడుకున్నారు.

“నిన్ను నమ్మి మాటలిస్తే మధ్యలో నీ అప్లికేషన్ కలుపుతావా?” అన్నారు ఆంటీ.

“ఇంజినీరింగ్‌లో ఇదే నేర్పారంట్రా?” అన్నారు అంకుల్.

“మే నెలలో రూము దొరకదు ఆంటీ,” అన్నాను. ఆ రెండు రోజుల్లో నా కోసం నేనన్న మొదటి మాట అది.  నన్ను లేపి కుల్ఫీలాంటి పుల్ల ఐస్ తెమ్మని పంపారు. తెచ్చేసరికి నేను లేచిన ఖాళీలోకి జరిగి కూర్చుని, తలలు దగ్గరపెట్టి మాట్లాడుకుంటున్నారు. నన్ను చూసి ఆపేశారు.

మూడోరోజు తిరుగు ప్రయాణం. బస్సులో వాళ్ళిద్దరూ పక్కపక్క సీట్లలో. విమానంలోనూ అంతే. నేనూ నైనికా చాలా వెనక. కుటుంబంతో వెళ్ళదలచినవాళ్ళకి చెబుతున్నాను: గ్వానాహ్వాతో తప్పక చూడవలసిన ఊరు. అంతా నడకదూరంలోనే ఉంటుంది, కారం మనకి సరిపోతుంది, పిల్లలకి విసుగు రాదు. ఇరుకు సందుల్లో మనుషులు తప్పించుకోలేరు, అదొక సౌకర్యం. బేస్‌మెంట్ ఏమైందో మాత్రం నాకెవరూ చెప్పలేదు. వాళ్ళ మాటలన్నీ మోసినవాణ్ణి, అసలు మాట ఏమిటో తెలియకుండా బెల్టు బిగించుకుని కూర్చున్నాను.

టొరాంటోలో దిగడానికి గంట ముందు నైనిక అమ్మానాన్నల దగ్గరికి వెళ్ళొచ్చి నిలబడింది.

“దే సెడ్ టు టెల్ యూ,” అంది. పార్టిషన్ లేదట. మేం ముగ్గురం ఉండొచ్చట. శనివారాలు సాయంత్రం మాత్రం హాలు ఖాళీ చేయాలట, అక్కడ డాన్స్ క్లాసు.

నాకు ఊపిరి వచ్చింది.

“అండ్,” అంది, “ఐ డోంట్ హావ్ టు డాన్స్. క్లాసప్పుడు నీ రూమ్‌లో, నీ పెద్ద మానిటర్ మీద నేను గేమ్స్ ఆడుకోవచ్చు.”

తెలుగు! దాని నోట నేను విన్న మొదటి పొడుగు వాక్యం.

“ఈ చివరిది మమ్మీ చెప్పిందా?”

నైనిక హెడ్‌ఫోన్స్ పెట్టేసుకుంది. ముందు వరుసల్లో ఆంటీ తల అంకుల్ భుజం మీద ఉంది. వెళ్ళి అడగొచ్చు. నేను బెల్టు విప్పలేదు. “సరేనన్నానని చెప్పు,” అన్నాను.