అకేయో ఎముక బద్ద

ఒగ్వెనో రోజూ నా కొట్టుకు వస్తాడు. సరస్సు ఒడ్డున ఎంబీటా రేవులో చేపలు వేయించి అమ్ముతాను నేను. అతను మాత్రం మొక్కజొన్న ముద్ద, ఆకుకూర పెట్టించుకుని, నా బాణలికి వీపు తిప్పి కూర్చుంటాడు. కొత్తవాళ్లు చూసి నవ్వుతారు. నేను వాళ్ల నోళ్లు మూయిస్తాను. ఆ రోజు ఆ పడవలో నేనూ ఉన్నాను మరి.

అతను పడవ ఇంజన్లు బాగుచేస్తాడు. వేడికి మాడీ, నీటికి నానీ ఇంజన్ హెడ్డు కింద నీళ్లు దూరకుండా వేసిన పాత గ్యాస్కెట్ పొర అల్యూమినియానికి అతుక్కుపోతుంది. అడుగంటిన అన్నంలా ఓ పట్టాన ఊడిరాదు. స్క్రూడ్రైవర్ పెట్టి పెకలిస్తే అల్యూమినియం మెత్తన కదా, గాట్లు పడిపోతాయి. అందుకని ఒగ్వెనో దానిమీద కిరసనాయిలు గుడ్డ కప్పి, బాగా నాననిచ్చి, ఆవు పక్కటెముక అరగదీసిన బద్దతో ఓపిగ్గా గీకుతాడు. ఎముక గ్యాస్కెట్‌ను లేపుతుందే గాని లోహానికి దెబ్బ తగలనివ్వదు. ఆ బద్ద వాళ్లక్క అకేయోది. తల్లి పోయాక అతన్ని పెంచింది ఆవిడే. ఆ బద్దతోనే తోలు చిరగకుండా చేపల పొలుసు తీసేది.

అకేయో కాపురం ఎదుటి దీవిలో, ఎంఫంగానోలో. జబ్బు చేసి ఇక్కడి ఆసుపత్రికి వచ్చి, ఇక్కడే కన్నుమూసింది. మాలో ఆడదాన్ని మగని వాకిట్లోనే పూడ్చాలి. ఇంటికని బయల్దేరిన శవాన్ని వెనక్కి తిప్పకూడదు. తిప్పితే తనవాళ్లలో ఇంకొకరిని వెంటబెట్టుకుని పోతుందని మా రేవులో భయం.

శవపేటిక రేవుకు వచ్చేసింది. శవాన్ని ఎక్కిస్తే వలలో చేప పడదని మిగతా పడవలవాళ్లు మొహం చాటేశారు. ఒప్పుకున్నవాడు మగాక్ ఒక్కడే. అతని పడవ ఇంజనేమో ఒగ్వెనో ముందు విప్పి పడుంది.

"ఏరా, నీ పెళ్లికూతురు ఇంకా ముసుగు తియ్యలేదా?" అన్నాడు మగాక్, కిరసనాయిలు గుడ్డ చూసి.

"రేపు పొద్దున పోదాం అన్నా. సగం కూడా నానలేదు."

"రేపా? ఆసుపత్రి గడప దాటించాక రేపంటే? మీ అక్కని మళ్లీ అక్కడికే మోసుకెళ్దామా?"

అకేయో మరుదులూ ఎగిరిపడ్డారు. "సరస్సంటే భయమైతే చెప్పు, ఆడాళ్ల పక్కన కూర్చుని ఏడుద్దువు గాని!"

మగాక్ వెళ్లి వెల్డింగు షెడ్డు ఒడీపోను గ్రైండింగ్ మిషన్‌తో సహా పట్టుకొచ్చాడు. మిషన్ బుర్రుమంది. నేను కాచిన టీ అందరికీ అందేలోగా హెడ్డు అద్దంలా తళతళలాడింది. జనం చప్పట్లు కొట్టారు. ఒగ్వెనో దానిమీద గోరు పెట్టి లాగి ఒకచోట ఆగిపోయాడు.

"ఇక్కడ పల్లం పడిందన్నా. కొత్త గ్యాస్కెట్ కూచోదు. సిలిండర్లోకి నీళ్లు దూరతాయి."

"ఇంత మెరుస్తుంటే పల్లమేంట్రా? నీ ఎముక ముక్క పరువు పోయిందని ఏడుపా?"

మగాక్‌ను నేనిప్పటికీ క్షమించలేదు. ఒగ్వెనో కొత్త గ్యాస్కెట్ వేసి హెడ్డు బిగించేశాడు. దొరికిన తెడ్లన్నీ తెచ్చి పడవలో పడేసి, పేటిక పక్కన కూర్చున్నాడు. తెడ్లు చూసి మరుదులు మళ్లీ నవ్వారు. అవి ఎందుకో నాకు అర్థమైంది. అయినా ఎక్కాను. అకేయో నా నేస్తం.

ఒడ్డు కనుమరుగయ్యాక ఇంజన్ దగ్గింది. తెల్లటి ఆవిరి కక్కింది. ఆగిపోయింది. అప్పటిదాకా పాడుతున్న ఆడవాళ్లు పాట ఆపేశారు. దీవి వైపు నుంచి గాలి లేచింది. కిక్కిరిసిన పడవ అలలకు అడ్డం తిరిగి నీళ్లు తోడుకోసాగింది. చేతికందిన గిన్నెలతో, చెప్పులతో ఎత్తిపోస్తున్నాం. నా పక్కన ఒక బాలింత బిడ్డను తల మీదికి ఎత్తి పట్టుకుంది. ఒక్కొక్కరి కళ్లూ పేటిక మీదికి వెళ్లి పక్కకు తప్పుకుంటున్నాయి.

"బరువు..." అన్నాడు పెద్ద మరిది. తక్కింది మింగేశాడు.

"ఎవరూ ముట్టుకోకండి," అన్నాడు ఒగ్వెనో. తాడు తనే విప్పాడు. పేటికకు చెంప ఆనించి, "అక్కా, పసిబిడ్డ ఉందే పడవలో," అన్నాడు. తర్వాత తోసేశాడు.

పేటిక మునగలేదు. అలల మీద తేలుతూ, మేం బయల్దేరిన ఒడ్డు వైపే కొట్టుకుపోయింది. వెనక్కి తిప్పకూడదని అంత రభస చేసిన మగాక్ తల వంచుకుని తెడ్డేశాడు. ఆ తెడ్లే మమ్మల్ని దీవికి చేర్చాయి.

తర్వాత ఎంత గాలించినా పేటిక గాని, శవం గాని దొరకలేదు. శవం దొరకనివాళ్లకు మాలో చేసినట్టే, మనిషికి బదులు పొడుగాటి యాగో చెట్టు కాయను అకేయో అని పిలిచి, గుడ్డ చుట్టి ఆమె వాకిట్లో పూడ్చారు. ఒగ్వెనో ఎముక బద్దను ఆ గుంటలోనే పెట్టి వచ్చాడు. ఇప్పుడు వేరే బద్ద చేసుకున్నాడు. మగాక్ ఇంజన్ కూడా అతనే బాగుచేస్తాడు, మాట్లాడకుండా. వెనక్కి మళ్లిన శవం ఎవర్ని తీసుకుపోతుందోనని రేవు రేవంతా అతని వంకే చూస్తుంటుంది. అది అతనికీ తెలుసు.

ఒకసారి మనసాగక, బాగా వేగిన చేప ముక్క అతని పళ్లెంలో వేశాను. "ఇంకెన్నాళ్లు ఒగ్వెనో? కొంచెం తిను."

అతను దాన్ని వేలితో పళ్లెం అంచుకు జరిపాడు.

"ఇది ఏం తిని పెరిగిందో నీకు తెలుసా?"

ఆ పూట పొయ్యి ఆర్పేశాను. మర్నాడు మళ్లీ వెలిగించాను, నాకు వేరే బతుకు లేదు. కానీ అతను వచ్చే వేళకు బాణలి మీద మూత పెడతాను.