కత్తెర పడిన ఆఖరి పేజీ

భీమవరం పాత బస్టాండు వెనక సందులో దేవకుమారిది అద్దె పుస్తకాల కొట్టు. కొత్తగా వచ్చినవాళ్లను ఆమె ఏం కావాలని అడగదు. "ఈమధ్య సగంలో వదిలేసిన పుస్తకం ఏంటండి?" అంటుంది. మనిషికి ఏది విసుగో తెలిస్తే ఏది ఇవ్వాలో కొంత తెలిసినట్టే. ఇక మిగిలేది, పుటలు ఊడిపోకుండా కుట్టి ఇవ్వడం. ఆ పని కూడా ఆమెదే. మైదా లై తనే కాచుకుంటుంది, పురుగు పట్టకుండా అందులో మైలుతుత్తం కలుపుతుంది.

ఆమె దగ్గరున్నవన్నీ సరదాకి చదువుకునేవే. వాటిలో ఆమెకు ముద్దు, పాత వారపత్రికల్లోంచి సీరియళ్లు చింపి ఇళ్లలో ఆడవాళ్లు వరసగా కుట్టించుకున్న సంపుటాలు.

ఆమధ్య సుభద్రమ్మ కంగారుగా వచ్చింది. ఆమె భర్త శ్రీరామరాజు చేపల చెరువుల రైతు. ఇక డయాలసిస్‌కు రానని భీష్మించారు. గంటలకొద్దీ గోడ చూస్తూ కూర్చోవడం తనవల్ల కాదట.

"ఏదైనా భక్తి పుస్తకం ఇవ్వండి. ధైర్యం వస్తుంది."

"ధైర్యం చెప్పేవాళ్లు ఇంటినిండా ఉండుంటారు కదండి. ఆయన వదిలేసింది ఏంటో చెప్పండి."

"మా తమ్ముడు ఎవరిదో జీవితచరిత్ర ఇచ్చాడండి. చివర్లో గెలుస్తాడని ముందే తెలిశాక చదివేదేంటని విసిరేశారు."

దేవకుమారి పైఅరలోంచి ఒక హత్య కథ తీసింది. ఐసు ఫ్యాక్టరీలో శవం దొరకడంతో మొదలయ్యే సీరియల్, నాలుగు భాగాలు. డయాలసిస్‌లో ఒక చేతికి సూది ఉంటుంది కనుక, ఒళ్లో పెడితే దానంతటదే తెరుచుకునేలా పుస్తకం వీపు వదులుచేసి కుట్టింది. మొదటి భాగమే ఇచ్చింది. "శవం సంగతి చెప్పి ఊరించండి, పుస్తకం మాత్రం ఇంట్లో చూపించకండి. ఆసుపత్రిలో కుర్చీలో కూర్చున్నాకే తీయండి" అంది.

మూడు భాగాలు అలాగే గడిచాయి. నాలుగోదాని దగ్గరే చిక్కొచ్చింది. ఒంట్లో బాగోలేదని ఆయన ఒకసారి డయాలసిస్ మానేశారు. కాళ్లు వాచాయి, మాట్లాడితే ఆయాసం. ఆ తర్వాతి వంతు ఉదయం సందు మొదట్లో కారు ఆగింది. ఆయన్ని అందులోనే ఉంచి సుభద్రమ్మ కొట్టుకొచ్చింది. ఆఖరి భాగం చేతికొస్తే ఆసుపత్రికి, లేదంటే ఇంటికేనని ఆయన పంతం.

ఇచ్చేముందు చివరి పుట చూడటం దేవకుమారి అలవాటు. తిప్పింది. పుట మధ్యలో కిటికీలా చతురస్రంగా కత్తిరించి ఉంది. వెనకవైపు అంచున "ఆవపిండి ఒక" అన్న ముక్క మిగిలింది. ఎవరో ఇల్లాలు ఆవకాయ కొలతలు కత్తిరించి దాచుకుంది. వాటితోపాటే ఇవతలివైపు హంతకుడి పేరూ పోయింది.

సుభద్రమ్మ ముఖం పాలిపోయింది. "ఏదో ఒక పేరు రాసి అతికించేయండి. ఆయనకేం తెలుస్తుంది?"

"తెలుస్తుందండి. మూడు భాగాలు చదివిన మనిషాయన."

"పేరు కోసం చూసుకుంటే మనిషే పోతాడండి!"

కారు హారన్ మోగింది. దేవకుమారి తెల్లకాగితం కొలిచి కోసి, లై రాసి ఆ కిటికీకి అతికించింది. తనకు తెలిసిన పేరు కూడా రాయలేదు; ఊహించే పని ఆయనకే వదిలింది. పుస్తకం పట్టుకుని తనే కారు దగ్గరికి నడిచింది.

"రాజుగారూ, చివర్లో పేరున్న ముక్క ఎవరో కత్తిరించేశారండి. నేను ముందే చూసుకోవలసింది."

ఆయన కళ్లెర్రజేశారు. "మనిషిని నడి గోదాట్లో దింపి పడవ తీసుకుపోతారా? ఇంకెందుకా పుస్తకం? కారు తిప్పు."

"వారపత్రికలో వస్తున్నప్పుడే నేను పూర్తిగా చదివానండి. ఎవరో తెలుసు. చెప్పమంటే ఇప్పుడే చెప్పేస్తాను."

"చెప్పేయండి తల్లీ" అంది వెనకే వచ్చిన సుభద్రమ్మ.

చెబితే ఆయన తల ఊపి ఇంటికి పోవచ్చు. అది తెలిసీ దేవకుమారి ఆయన ముఖంలోకి చూస్తూ నోరు తెరిచింది. ఆయన ఆయాసం బయటికి వినిపిస్తోంది.

"అతని పేరు..."

"ఆగండి!" వాచిన చెయ్యి కారు కిటికీలోంచి బయటికొచ్చింది. "మీకేమైనా మతి పోయిందేంటండి? ఇంత దూరం చదివింది మీతో చెప్పించుకోడానికా? ఇటివ్వండి."

కారు ఆసుపత్రివైపు కదిలింది. దేవకుమారి వెనక్కి వచ్చి కొట్టు మెట్టు మీద కూర్చుంది.

సాయంత్రం సుభద్రమ్మ పుస్తకం తెచ్చింది. తెల్లకాగితం మీద పెన్సిల్‌తో వంకరటింకరగా "గుమాస్తా" అని ఉంది.

"కరెక్టేనా అని అడగమన్నారండి."

"కాదని చెప్పండి. రేపు కాక ఎల్లుండి ఇటే కదండి వెళ్తారు? అప్పుడు ఇంకోసారి ఇస్తాను. రబ్బరు మాత్రం ఆయన్నే తెచ్చుకోమనండి."