చేదు సొరుగుల బల్ల

మా చిన్నత్త పోయింది. ఊళ్ళో ఆమె పక్కింటి సాయిబు కొడుకు బండి తోలుకొని నేనుండే నందికొట్కూరుకు వచ్చాడు. లోపలికి రమ్మన్నా రాకుండా వాకిట్లోనే నిలబడ్డాడు. ఆ నిలబడడం చూసే నాకు సంగతి తెలిసిపోయింది. "పొద్దున సంగటి తినింది పెద్దమ్మా. గోడకు ఆనుకొని కూచునింది. అంతే" అన్నాడు.

బండిలో దారి పొడుగునా నాకు దిగులే. మబ్బు పట్టి ఉంది, కట్టెలు తడుస్తాయేమో. నా పెద్దకొడుకు కర్మ సరిగ్గా చేస్తాడో లేదో. అన్నిటికంటే పెద్ద దిగులు, ఊరందరి విత్తనాలూ ఆమె గదిలోనే ఉన్నాయి. తొలకరి నెత్తిమీదుంది, ఇప్పుడెట్లా అని. విత్తనాలు ఆమె దగ్గరెందుకున్నాయో మీకు తెలియాలంటే ఆమె బల్ల సంగతి చెప్పాలి. నాది వానాకాలం చదువు, తప్పులుంటే సర్దుకొని చదవండి.

చిన్నత్త అంటే మా మామ తమ్ముడి భార్య. నేను కాపురానికి వచ్చిన ఏడే ఆమె మొగుడు పాము కరిచి పోయాడు. పిల్లలు లేరు. మొగుడు పోయినదానికి అప్పట్లో భాగం లేదు. తిండీ గుడ్డా పెడతారు, బదులుగా చచ్చేదాకా పెద్దింటి పొయ్యి ఊదాలి. ఆమె మాత్రం వేరే పొయ్యి పెట్టుకుంటానంది. పెద్దమనుషులు కూర్చొని, గొడ్లకొట్టం పక్క గదీ, దాంట్లో పడి ఉన్న ఒక పాత బల్లా ఇప్పించారు. కర్నూలులో ఎవరో దొర ఊరొదిలి పోతూ అమ్మేసిన సామానులో మా మామ ముచ్చటపడి తెచ్చిన అద్దం బల్ల అది. టేకుది, నిండా సొరుగులు. అప్పటికి అద్దం పగిలింది, కాళ్ళు చెదలు తిన్నాయి, పై సొరుగులో కోళ్ళు గుడ్లు పెడుతున్నాయి.

"తొలకరి దాకా చూస్తా" అన్నాడు మామ. "అప్పటికి నీ పొయ్యి నీ గింజలతో మండకపోతే, నోరు మూసుకోని పెద్దింటికి రావాల."

"వస్తా బావా. మండితే మాత్రం మళ్ళీ పిలవగూడదు."

మా అత్త ఊరుకుంటుందా? "మొగుడు పోయినదానికి అద్దం బల్ల యాల? బొట్టు దిద్దుకుంటావా?" అంది.

"అద్దం పగిలిపోయిండాది గదక్కా. పెంకులుండాయి, గీక్కోడానికి పనికొస్తాయి."

నిజంగానే ఆ పెంకులతోనే గీకింది. అంచుకు గుడ్డ చుట్టి పట్టుకొని, పాత రంగు పొట్టు పొట్టుగా రాలేదాకా గీకేది. పగిలిన అద్దం ఇంట్లో ఉంటేనే కీడంటారు. దాన్ని చేత పట్టుకొని పని చేస్తుంటే చూడలేక, "చెయ్యి తెగుతాది అత్తా, నాకు భయం" అనేదాన్ని. "భయం ఉంటే ఉండనీ అమ్మీ. చేత్తో మాత్రం ఆ మూల పట్టుకో" అనేది. భయపడవద్దని ఆమె నాకెప్పుడూ చెప్పలేదు. చెప్పినా నేను మానేదాన్ని కాదని తెలుసు.

కాళ్ళకు కొత్త కర్రలు అతికిస్తానని, పక్కింట్లో బండ్లు చేసే సాయిబు వచ్చాడు. ఆమె వద్దంది. "పుచ్చిన కాడికి కోసెయ్ అప్పా. పొట్టిదైతాది, అంతే గదా. పడదు." కాళ్ళు కోయించి నాపరాళ్ళ మీద నిలబెట్టింది. సొరుగుల పిడులు ఊడిన చోట పుంటినార తాళ్ళు కట్టింది. ఇక చెదలు రాకూడదని లోపలా బయటా వేపనూనె పట్టించి ఎండలో పెట్టింది. తాగినంత తాగనీ అని మళ్ళీ మళ్ళీ పట్టించింది. మా సీమలో దూలానికైనా బండికైనా చేసేది అదే కాబట్టి, ఎవరికీ తప్పు తోచలేదు.

ఆ సొరుగుల్లో ఆమె బొరుగులు పోసింది, ఒకదాంట్లో పుట్నాలు. తిరునాళ్ళ నాడు గది ముందరే అంగడి పెట్టింది. మొదట కొన్న మనిషి గుప్పెడు నోట్లో వేసుకొని అక్కడే ఉమ్మేశాడు. "ఏం చిన్నమ్మా, బొరుగులా, కాకరకాయ వడియాలా?" అన్నాడు. చుట్టూ నవ్వులు. మా అత్త వాకిట్లోంచి, "పెద్దింటి పొయ్యి కాడ పీట ఖాళీగానే ఉండాదిలే" అంది.

ఆమె ఏడవలేదు. బొరుగులన్నీ గొడ్లకు పోసింది. సొరుగులు బూడిదతో తోమింది, చింతపండు రుద్దింది, ఎండబెట్టింది. వేపచేదు పోలేదు. మరునాటి నుంచి కూలికి పోయింది. పెద్దింటి కోడలు కూలికి పోవడమేమిటని మామ వారం రోజులు రచ్చబండ వైపు పోలేదు.

ఎండాకాలంలో ఒకరోజు నన్ను పిలిచింది. కింది సొరుగులో మరిచిపోయిన కందులు అరచేతిలో పోసి చూపించింది. ఒక్క గింజకూ పుచ్చు లేదు. ఆ ఏడు మా కుండలో కందులు సగం పుచ్చిపోయాయి.

"మన్నులో పొయ్యే గింజకు చేదైతే ఏమి, తీపైతే ఏమి అమ్మీ?" అంది.

ఇల్లిల్లూ తిరిగింది. విత్తనాలు నా బల్లలో పెట్టండి, పురుగు పడితే నన్నడగండి అంది. పురుగు పడితే ఊరు ఊరంతా మీద పడుతుందని నాకు ఒకటే దిగులు. మొదట సాయిబు జొన్నలు తెచ్చాడు. తరువాత ఒకరొకరుగా కొర్రలు, సజ్జలు, కందులు. ప్రతి ఇంటినుంచీ వాళ్ళ పాత చీర పేలికే అడిగి, దాంట్లోనే వాళ్ళ మూట కట్టేది. ముసలితనంలో చూపు తగ్గాక కూడా గుడ్డ తడిమి ఎవరి మూటో చెప్పేసేది.

తొలకరికి మూటలు విప్పితే గింజ గింజలాగే ఉంది. తీసుకున్నవాళ్ళంతా దాచిపెట్టినందుకు తలా గుప్పెడు బల్ల మీద పోసి పోయారు. ఆ గింజలు చేదు పోయేదాకా కడిగి ఆరబెట్టి, విసిరి, సంగటి కెలికి, మామ చూసేటట్టు తలుపు బార్లా తీసి పొయ్యి మంట పెట్టింది. పై ఏడు మామే మూట పట్టుకొని వచ్చి గడప బయట నిలబడ్డాడు.

"రా బావా. వంగాల మరి, కింది సొరుగే ఖాళీగా ఉండాది" అంది. మామ వంగాడు.

ఆ పొయ్యి అప్పటినుంచి మొన్నటిదాకా ఆరలేదు.

చిన్నత్త కర్మ ఇంకా కాకముందే వాన పడింది, విత్తడానికి మంచి పదును. రైతులు వచ్చారు గానీ గడప దాటలేదు. "మైలింట్లో విత్తనం ముట్టగూడదంటారు గదమ్మా" అన్నాడు ఒక పెద్దాయన. ఇస్తే, రేపు పంట పోయిందంటే మా మీదికి వస్తారు. ఇవ్వకపోతే పదును పోతుంది. పోనీ కర్మ అయ్యేదాకా ఆగమందామని నోరు తెరిచాను.

నోట్లోంచి వచ్చింది వేరే మాట. "పదును ఆగుతాదా అప్పా? రాండి. ఎవరి గుడ్డ వాళ్ళే గుర్తుపట్టుకోండి."

తాళ్ళు పట్టి సొరుగులన్నీ నేనే లాగాను. ఒకరి వెనక ఒకరు వచ్చి మూటలు విప్పుకున్నారు. విప్పినవాళ్ళు విప్పినట్టే గుప్పెడు తీసి బల్ల మీద పోస్తున్నారు. వండుకునే మనిషి లేదు, ఇంకెవరికి అని అడగబోయాను. అడగకుండా, అంచు నుంచి జారుతున్న గింజలను చేత్తో లోపలికి తోశాను. జొన్నలూ కొర్రలూ సజ్జలూ కలిసిపోయి కుప్ప లేస్తోంది. బయట జల్లు పడుతూనే ఉంది. పెద్దాయన అందరికంటే వెనక వచ్చి, తడి చెయ్యి పంచెకు తుడుచుకొని, తన గుప్పెడు ఆ కుప్ప మీద మెల్లగా జారవిడిచాడు.